శిలువకు కుడి పక్కన

మా పాప బతికింది కొద్ది రోజులే. బారసాల దాకా రాలేదు కాబట్టి పేరు లేదు. ఆసుపత్రిలో తొట్టెకు అంటించిన కాగితం మీద మా ఇంటిపేరు, దాని పక్కన 'బేబీ గర్ల్' అని ఉండేది. అంతకుమించి దానికి ఈ లోకంలో పిలుపు దొరకలేదు.

అప్పుడు మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే కాంట్రాక్టర్. నేను హెచ్-ఫోర్ వీసా మీద వచ్చినదాన్ని. అంటే ఉద్యోగం చేయకూడదు, గోడలతో మాట్లాడుకోవచ్చు. రెండు వేల నాలుగులో, చలికాలం నడిమధ్య, పాప పోయింది. గుండె సరిగా తయారు కాలేదన్నారు. నేను మోసినన్నాళ్ళూ నా గుండె చప్పుడు వింటూ పెరిగిన బిడ్డకు ఆ ఒక్కటీ ఎలా తక్కువైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇండియా నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. పసిబిడ్డను దహనం చెయ్యరు, పూడ్చాలి. తల్లి వెంట వెళ్ళకూడదు. రాయి పాతకూడదు, గుర్తు పెట్టకూడదు, మళ్ళీ ఆ వైపు తొంగి చూడకూడదు. చూస్తే పుట్టబోయే బిడ్డకు మంచిది కాదు. మా పెళ్ళయ్యాక మా అమ్మా మా అత్తగారూ ఒకే మాట మీద నిలబడిన విషయం ఇదొక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, బయట మోకాలి లోతు మంచు, కారు నడపడం రాదు. నా కోపం సోఫా దిగి గుమ్మం దాకా కూడా వెళ్ళలేకపోయింది.

మా ఆయన ఒక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చి తలారా స్నానం చేసి, తుడుచుకోకుండానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను అడిగాను, ఎక్కడ అని.

"పాత సిమెటరీలో. చక్రం ఉన్న పెద్ద రాతి శిలువ ఒకటుంది. దానికి కుడి పక్కన," అన్నాడు. తల తిప్పుకుని, "ఇంక అడక్కు, ప్లీజ్," అన్నాడు.

నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. కొన్ని ఇళ్ళల్లో దేవుడి గది ఉంటుంది, ఎవరూ చెప్పులతో వెళ్ళరు. మా ఇంట్లో ఆ మాట అలాంటిదైపోయింది. ఉప్పు, పప్పు, వీసా, ఐ-నైన్‌టీ-ఫోర్, అన్నీ మాట్లాడుకున్నాం. అది తప్ప.

ఆ నెలాఖరుకో, పై నెలలోనో ఎవరింట్లోనో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కు వెళ్ళాం. వెళ్ళకపోతే ఇంకా మాట్లాడుకుంటారని వెళ్ళాం. తిన్నాక పిల్లలు కార్పెట్ మీదే వరుసగా పడి నిద్రపోయారు. ఎమ్మెస్ చదివే కుర్రాడొకడు పెప్సీ బాటిల్ కోసం ఒక పాపను దాటుకుంటూ వెళ్ళాడు. ఆ ఇంటి ఆంటీ వంటింట్లోంచి చూసింది.

"ఏయ్, పిల్లను దాటావు. వెనక్కి దాటు. ఎదగదు."

ఆ కుర్రాడు బాటిల్ చేత్తో పట్టుకుని బుద్ధిగా వెనక్కి దాటాడు. అక్కడున్న వాళ్ళంతా ఇంజనీర్లే. కారు బ్రేకు ఎన్ని అడుగుల్లో ఆగాలో లెక్కలు కట్టేవాళ్ళు. ఒక్కరు కూడా నవ్వలేదు. దాటితే ఎదగరు, వెనక్కి దాటితే సరిపోతుంది. మా చిన్నప్పటి నుంచీ అంతే. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చాను.

మంచు కరిగాక ఇంక ఆగలేకపోయాను. మా పై అంతస్తులో నల్గొండ పిల్ల ఒకతి ఉండేది, మాస్టర్స్ చదువుతూ. నన్ను అక్కా అని పిలిచేది. దాని నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అయినా కారున్నది దానికే. పాత సిమెటరీకి అని చెప్పి తీసుకెళ్ళమన్నాను. స్టీరింగ్ మీద చేతులు పెట్టి కాసేపు నా మొహంలోకి చూసింది.

"బావకు చెప్పినవా అక్కా?"

"లేదు."

"సరే. నేను గేటు కాడ కూసుంట. నువ్వు ఎంతసేపు ఉంటవో ఉండు. అసైన్‌మెంట్ చేస్కుంట."

ఆ మాట అది ఎవరికీ చెప్పలేదు. పేర్లు ఊరికే పెడతారు.

ఆ సిమెటరీ ఊరికంటే పాతదానిలా ఉంటుంది. పెద్ద మేపుల్ చెట్లు, వాటి కింద వాలిపోయిన రాళ్ళు. శిలువ కోసం వెతకనక్కర్లేకపోయింది. నాకంటే ఇంచుమించు రెట్టింపు ఎత్తు. రెండు చేతుల్నీ, నిలువు కంబాన్నీ కలుపుతూ గుండ్రంగా రాతి చక్రం, చక్రానికీ శిలువకూ మధ్య నాలుగు కంతలు. తలమీద చిన్న రాతి ఇల్లు, కప్పుతో సహా. ఒళ్ళంతా గళ్ళు, గడికో బొమ్మల గుంపు. అడుగున రెండు పిల్లులు చెక్కి ఉన్నాయి. ఒక పిల్లి పిట్టను పట్టుకుంది. రెండోది ముందు కాళ్ళ మధ్య కూనను పెట్టుకుని నాకుతోంది.

దానికి ఎదురుగా నిలబడ్డాను. ఎడమవైపు ఎవరో ఆడమనిషి సమాధి, పలక మీద పేరుంది. కుడివైపు ఏమీ లేదు. ఉత్త గడ్డి. కుడి పక్కన అన్నాడు కదా, గుర్తు పెట్టకూడదన్నారు కదా, అంతా సరిపోయింది. ఆ గడ్డి మీద కూలబడి, పిల్లికూన వైపు చూస్తూ, అరచెయ్యి నేలకు ఆనించి ఉంచాను. పాల వాసన ఇంకా నా జాకెట్‌కు పోలేదు.

కారు నేర్చుకున్నది అందుకే. పటేల్ కొట్టుకు కందిపప్పు కోసమని మా ఆయనతో చెప్పాను. లైసెన్సు వచ్చాక వారం వారం వెళ్ళేదాన్ని. పాలు ఒక చుక్క పోసేదాన్ని, ఆ వారం వండినదేమిటో చెప్పేదాన్ని. మా ఆయన కందిపప్పు డబ్బాలు నిండిపోతున్నా ఎందుకని అడగలేదు. ఆయనకు తెలుసేమోనని అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. అడిగితే చెప్పాలి, చెబితే మాట్లాడుకోవాలి. అందుకని ఇద్దరం పప్పన్నం తింటూ బతికాం.

ఆ వేసవిలో అక్కడ ఒక పెద్దాయన ఎదురయ్యాడు. చేతిలో నీళ్ళ బకెట్టు, మెత్తని బ్రష్షు. శిలువ మీద పట్టిన పాచిని కడగడానికి వచ్చేవాడు. ఎడమవైపు సమాధి ఆయన భార్యది. నేను గడ్డి మీద కూర్చుని ఉండటం చూసి ఆగి, ఇంగ్లీషులో అడిగాడు, ఈ శిలువ చూడటానికి వచ్చావా అని.

అవునన్నాను. నా బిడ్డ పోయింది అనే వాక్యం ఇంగ్లీషులో నాకు బాగానే వచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పాను. బ్రష్షు పట్టుకుని నవ్వుతూ నిలబడిన ఆ ముసలాయనకు మాత్రం చెప్పలేకపోయాను. ఆయన మొహం వెలిగిపోయింది. సొంత పిల్లలు కూడా దీన్ని తలెత్తి చూడరట, పరాయి దేశపు పిల్ల దీన్ని చూడటానికే వచ్చిందట. ఇంక మొదలుపెట్టాడు. ఎవరి గోల వాళ్ళది.

ఆ శిలువ నకలు. పెద్దాయన తాత ఐర్లండ్ నుంచి ఇక్కడి ఇనుప ఫౌండ్రీలో పనికి వచ్చాడట. చచ్చేముందు తన ఊరి దగ్గరి మఠంలో ఉన్నలాంటి శిలువే తన వాళ్ళ చోటులో నిలబెట్టాలని కోరాడట. చెక్కినవాడు ఫొటోలు చూసి, ఒక బొమ్మ ఒక శిలువ నుంచి, ఇంకో బొమ్మ ఇంకో శిలువ నుంచి తెచ్చి కలిపేశాడు. అసలువి వెయ్యేళ్ళ పైనాటివి, ఇసుకరాతివి. పెద్దాయన ఒక్కసారి వెళ్ళి చూసొచ్చాడు. మఠం కట్టెల ఇళ్ళు ఎప్పుడో పోయాయి, సన్యాసులు పోయారు, ఓడల్లో వచ్చి దోచుకున్నవాళ్ళూ పోయారు. పొలంలో ఆవుల మధ్య శిలువలు మాత్రం నిలబడి ఉన్నాయి, వానకు బొమ్మల ముక్కులు అరిగి.

"చదువు రానివాళ్ళ కోసం చెక్కారు. కింది నుంచి పైకి చదవాలి," అనేవాడు. నన్ను నా గడ్డి మీదే కూర్చోబెట్టి, బ్రష్షు కర్రతో చూపించేవాడు. ఆదిమ దంపతులు, మధ్యలో పళ్ళ బరువుకు వంగిన చెట్టు. అన్న తమ్ముణ్ణి కొట్టడం. సింహాల మధ్య చేతులు చాపి నిలబడినవాడు. ఎడారిలో ఇద్దరు ముసలి సన్యాసులు, వాళ్ళ కోసం ముక్కున రొట్టె పట్టుకొచ్చే కాకి. ఆ కాకి బొమ్మ దగ్గర నేను నోరు తెరిచాను. మా వైపు కూడా పోయినవాళ్ళ పేరు మీద కాకికి ముద్ద పెడతారని చెప్పాను. ఇక్కడ కాకే తెచ్చిపెడుతోంది, లెక్క సరిపోయింది అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ఏడాది నేను నవ్వడం అదే మొదలు.

అసలు శిలువ అడుగున అక్షరాలున్నాయట. ఈ శిలువ చేయించిన ఫలానా మనిషి కోసం ప్రార్థించండి అని, వచ్చేపోయేవాళ్ళను అడుగుతున్నట్టు. వెయ్యేళ్ళుగా ఎవరో ఒకరు ఆ పేరు చదువుతూనే ఉన్నారు. మరి పేరు లేనివాళ్ళ కోసం ఏం రాస్తారని అడిగాను. పెద్దాయన నా వైపు ఒక క్షణం చూసి, వాళ్ళను దేవుడే గుర్తుపెట్టుకోవాలి అన్నాడు. దేవుడి జ్ఞాపకశక్తి మీద నాకు అంత నమ్మకం లేదని ఆయనతో అనలేదు.

ఇంకొకటి నేర్పాడు. వాళ్ళ నాయనమ్మ దేశంలో శిలువ చుట్టూ తిరిగేవారట, సూర్యుడు తిరిగే దిక్కునే, శిలువను కుడిచేతి వైపు ఉంచుకుని. మేమూ అంతే, ప్రదక్షిణం అంటామన్నాను. ఆయన సంతోషం చెప్పనలవి కాదు. అప్పటి నుంచి బొమ్మల పాఠం అయ్యాక ఇద్దరం తిరిగేవాళ్ళం. నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని, ఆ పిలుపుకు కూడా మురిసిపోయేవాడు. వెనక ముఖం మీద కూడా బొమ్మలున్నాయి. నాకు వెనక ముఖం గాని, ఆయన దాన్ని వెనక అననిచ్చేవాడు కాదు. "దీనికి వెనక లేదమ్మా. రెండూ ముఖాలే."

అటువైపు నడుమెత్తులో తండ్రి కత్తి ఎత్తిన బొమ్మ ఉంది. కొడుకు రాతి దిమ్మ మీద వంగి ఉంటాడు. దేవుడి కోసం కొడుకును బలివ్వబోయిన తండ్రి. పిల్లాడు బతికాడులే, చివరి క్షణంలో పొట్టేలు వచ్చింది అని పెద్దాయన ఓదార్పుగా చెప్పాడు. నాకు ఆ బొమ్మ గిట్టేది కాదు. అక్కడికి రాగానే నేలవైపు చూస్తూ త్వరగా నడిచేదాన్ని. అటు పక్క సందు ఇరుకు, శిలువకూ పొదలకూ మధ్య చారెడు నేల. ఒకచోట నేల కాస్త కుంగి ఉండేది. పెద్దాయన ప్రతిసారీ చెయ్యి అందించేవాడు, చూసి దాటు, కాలు మడతపడుతుంది అని. నా ఒంటి మీద చీర కాదు కదా, జీన్సే, సులువుగా దాటేసేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. నేను అటు వెళ్తున్న సంగతి మా అమ్మకు తెలిసుంటే అందుకే కలగలేదు అనేది.

తర్వాత కార్ల కంపెనీలు కుదేలయ్యాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు మా ఆయన కాంట్రాక్టు పోయింది. వీసా గడువుతో పరుగుపందెం, రెజ్యూమెలు, ఫోన్ ఇంటర్వ్యూలు. చివరికి నార్త్ కెరొలైనాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం దొరికింది. నెలాఖరుకు అక్కడ చేరాలి. అందరూ అదృష్టవంతులు అన్నారు. నేను డబ్బాలు సర్దుతూ ఒకటే అనుకున్నాను, దాన్ని ఇక్కడ ఒంటరిగా వదిలేసి పోతున్నానని. రాయి లేదు, పేరు లేదు. వారానికోసారి వచ్చి కూర్చునే మనిషే దాని గుర్తు, ఆ మనిషీ పోతోంది. పెద్దాయనకు నిజం చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ కుడి పక్క గడ్డి మీద కూడా ఎప్పుడైనా ఒక బకెట్టు నీళ్ళు పోయమని అడగాలి. చెప్పాల్సిన వాక్యం కారులో పైకే చదువుకుంటూ వెళ్ళాను.

సర్దుళ్ళ వల్ల కొన్ని వారాలు వెళ్ళలేదు. మేపుల్ ఆకులు ఎర్రబారాయి. దూరం నుంచే ఆకుపచ్చ గుడారం కనిపించింది. దగ్గరికొచ్చాక చిన్న తవ్వుడు యంత్రం, దాని పక్కన మట్టికుప్ప, చెక్కపలకలు. శిలువకు కుడి పక్కన, నేను కూర్చునే చోట, గొయ్యి.

ఎలా పరిగెత్తానో తెలీదు. "ఆపండి, నా బిడ్డ ఉంది అక్కడ," అని తెలుగులోనే అరిచాను. తర్వాత ఇంగ్లీషులో. యంత్రం మీదున్న పనివాడు ఇంజన్ ఆపి దిగాడు. నేను గొయ్యి అంచున మోకాళ్ళ మీద పడి లోపలికి చూశాను. పసుపుపచ్చ బంకమట్టి, కోసిన జున్నులా నున్నగా నాలుగు గోడలు, తెగిన చెట్టు వేళ్ళు. ఇంకేమీ లేదు. ఒక గుడ్డపేలిక కూడా లేదు.

"ఇక్కడ ఎవరూ లేరమ్మా," అన్నాడతను, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "నేనే తవ్వాను. ఎప్పుడూ తవ్వని మట్టి. ఇది ఆ శిలువవాళ్ళ పెద్దాయన చోటు. భార్య పక్కన తనకోసం ఉంచుకున్నాడు. రేపు తెస్తారు."

పెద్దాయన పోయాడని అలా తెలిసింది. నాకు ఏడవడం కూడా కుదరలేదు, ఏ దుఃఖం ముందో తెలియలేదు. పనివాడు నన్ను పరిశీలనగా చూసి, "నువ్వేనా ఆవిడ? ఒక అమ్మాయి వచ్చి నా చోటు వెచ్చగా ఉంచుతోందని చెప్పేవాడు," అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన సమాధి మీద కూర్చుని ఆయన చేతే పాఠం చెప్పించుకున్నాను. లేవమని ఒక్కసారి కూడా అనలేదు, ఆ మహానుభావుడు.

మరి నా పాప ఎక్కడ?

మా ఆయనకు ఫోన్ చేశాను. ఎక్కడున్నానో చెప్పాను.

"అక్కడే ఉండు. వస్తున్నా," అన్నాడు.

నేను మామూలుగా వచ్చే గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన అటు నుంచి రాలేదు. వెనకాల పొదల్లో అలికిడి అయితే తిరిగాను. శిలువ అంచు పక్కనుంచి ఆయన చొక్కా కనిపించింది, మెడలో ఇంకా ఆఫీసు బ్యాడ్జి వేలాడుతోంది. శిలువకు ఆవలి పక్కన నిలబడిపోయాడు.

"ఏవండీ, కుడి పక్కన అన్నారు," అన్నాను.

"కుడి పక్కనే."

"ఇదే కదా కుడి."

"కాదు. ఇటు రా."

నేను తిరిగి అటు వెళ్ళాను. పాపను పూడ్చిన రోజు ముందు గేటు మంచులో కూరుకుపోయిందట. అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వెనక దారి నుంచి తీసుకొచ్చారట. పెద్ద సమాధుల మధ్య మిగిలిపోయిన ఇరుకు చోట్లు పసిపిల్లలకు ఇస్తారట. ఆయన చూసింది ఈ ముఖం ఒక్కటే. ఇదే ముందనుకున్నాడు. రెండో ముఖం ఉందనే తెలీదు.

"పాప ఉన్న డబ్బా నా ఒళ్ళోనే ఉంది. తల ఎత్తితే ఆ బొమ్మ," అన్నాడు, కత్తి ఎత్తిన తండ్రిని చూపించి. "ఇంకేం చూడలేదు నేను. మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

"ఎక్కడ?"

ఆయన చెయ్యి చాపి చూపించాడు. శిలువకు కుడి పక్కన, పొదల పక్కన, నేల కాస్త కుంగిన చోటు. పెద్దాయన చెయ్యి అందిస్తే నేను సులువుగా దాటేసే చోటు.

ఆ రాతిని పట్టుకుని నిలబడ్డాను. "దాటానండీ," అన్నాను. "వారం వారం వచ్చి అటు పక్కన కూర్చుని ఖాళీ మట్టికి పాలు పోశాను. దీన్ని దాటాను. ప్రతిసారీ దాటాను."

మా ఆయన దేన్నీ నమ్మడు. తాళి కట్టేటప్పుడు కూడా వాచీ చూసుకున్న మనిషి. మా అత్తగారు పంపిన తాయెత్తును టూల్‌బాక్సులో పడేసినవాడు. నా మొహంలోకి చూసి, ఆ గుంటవైపు చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"వెనక్కి దాటు," అన్నాడు.

దాటాను. ఎన్నిసార్లు దాటి ఉంటానో ఎవరు లెక్కపెట్టారు. శిలువను ఈసారి ఎడమచేతి వైపు ఉంచుకుని, చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ వెనక్కి దాటాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. వెనక్కి దాటినంత మాత్రాన అది ఎదగదని ఇద్దరికీ తెలుసు. గేటు మూసే వేళయిందని పనివాడు వచ్చి నెమ్మదిగా చెప్పేదాకా దాటుతూనే ఉన్నాను.